గ్లాసులు కడిగే రూలు

“గ్లాసులు కడుగు మొహియుద్దీనూ. అనీసినావు కదా.”

“అరే, టీ పిచ్చగా ఉందన్నాను తాతబాబూ. మెచ్చుకున్నాను భాయ్.”

“మెచ్చుకున్నా లెక్కే. పిచ్చి, మెంటలు, డిప్రెషను... ఏదన్నా సరే, అన్నోడు గౌరీశ్వరి గ్లాసులు కడగాల. రూలు రూలే.”

“ఇప్పుడు నువ్వు మూడన్నావు. లే, నువ్వే కడుగు.”

గౌరీశ్వరి టీ బండి వెనక నవ్వు ఆపుకుంది. తాతబాబు లేచి బకెట్ ముందు కూర్చున్నాడు. జగ్గారావు కూడా నవ్వాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

కూర్మన్నపాలెం జంక్షన్లో ఆ బెంచీ ముగ్గురిది. మొహియుద్దీన్‌ది పక్కనే టైలరింగ్ షాపు. తాతబాబు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. జగ్గారావు ఆ ప్లాంటు స్టోర్స్‌లోనే పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాడు. ఆ ఏడే భార్య చంద్రిక పోయింది. మేడ మీది రెండు గదుల్లో పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడని గొంతు, సాయంత్రం ఐదింటికి బెంచీ మీద మొదటి మాటకి బొంగురుగా పలికేది. గౌరీశ్వరి గమనించిందేమో, అతను కూర్చోగానే అడక్కుండా సగం గ్లాసు వేడినీళ్ళు ఇచ్చేది.

పదిరోజుల కిందటి దాకా ఈ రూలు లేదు. బస్సు ఆలస్యమైతే ‘మెంటలెక్కిపోతంది’, మ్యాచ్ ఓడితే ‘డిప్రెషన్ వొచ్చీసినాది’. కుట్టిన గుండీ రెండోసారి లాగి చూసుకుంటే మొహియుద్దీన్‌కి ‘ఓసీడీ’. అందరికంటే ఎక్కువ అనేది తాతబాబే. “నిన్ను వాల్తేరు బస్సెక్కించాల బావా” అని జగ్గారావు వీపు చరిచేవాడు.

జగ్గారావు ఆర్నెల్లుగా ఆ బస్సెక్కి వాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడి డాక్టరమ్మ మందులు రాసేముందు “ఇవాళ అన్నం తిన్నారా?” అని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమైనా వెళ్ళాలనిపించేది.

పోయిన వారం మందుల కవరుతో ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉండగా, స్కూటర్ మీద పోతున్న మొహియుద్దీన్ చూసి చెయ్యి ఊపాడు. మర్నాటి సాయంత్రమే తాతబాబు, ఎవరి ముఖమూ చూడకుండా, రూలు పెట్టాడు.

ఇంకేం తెలుసుకోవాలి? ఎవరైనా నోటిదాకా వచ్చిన మాట మింగినప్పుడల్లా, అది తన కోసమే మింగారని జగ్గారావుకి అర్థమైపోయేది. ఆ మాట అన్నప్పుడు ఒక్క క్షణం గుచ్చుకునేది. అనకపోవడం సాయంత్రమంతా గుచ్చుకుంటోంది. రోజు మొత్తంలో ఆ ఒక్క అరగంటే అతను మామూలు మనిషి. అక్కడ కూడా రోగి అయిపోతే ఇక ఎక్కడికి పోవాలి?

బెంచీ దగ్గరికి వెళ్ళడం మానేశాడు.

మొదటి రోజు ఐదింటికి, మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టాడు. రెండో రోజు పడుకున్నాడు. మూడో రోజు కుక్కర్ కూతేస్తే “వస్తన్నాను, ఆగు” అని పైకే అన్నాడు, గొంతు ఉందో లేదో చూసుకోడానికి.

నాలుగో రోజు తాతబాబు ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“గౌరీశ్వరి పంపింది. ఏటి బావా, కనబడ్డమే నేదు. ఒంట్లో బాగోనేదా?”

“బాగానే ఉంది.”

“మరెందుకు రాటం నేదు? మొహియుద్దీన్ నాతో దెబ్బలాడతన్నాడు. రూలెట్టి మనిషిని తరిమీసినావని.”

జగ్గారావు ఫ్లాస్కు మూత తీయలేదు.

“ఆ రూలు తీసీ తాతబాబూ. నాను సిన్నపిల్లణ్ణి కాను. మీరు నన్ను సూసి మాటలు దాసుకోనక్కర్లేదు.”

“నిన్ను సూసా?”

“తెలీనట్టు నటించకు. మొహియుద్దీన్ నన్నక్కడ సూసినాడు. నీకు సెప్పినాడు. నువ్వు జాలిపడి రూలెట్టినావు. అవును, మంగళవారం మంగళవారం వాల్తేరు ఆసుపత్రికే ఎల్తన్నాను. మందులేసుకుంటన్నాను. సాలా?”

తాతబాబు కుర్చీలో కూలబడ్డాడు. కింద రోడ్డు మీద ప్లాంటు బస్సు ఆగి, మనుషుల్ని దించి, వెళ్ళిపోయింది.

“మొహియుద్దీన్ నాకేటీ సెప్పనేదు” అన్నాడు.

“మరెవరి కోసం పెట్టినావు రూలు?”

తాతబాబు తన అరచేతులు చూసుకున్నాడు.

“నాది గురువారం బావా.”