వణికిన శనిగ్రహం

గడియారాల మాస్టారు కెమెరాని విప్పడం అది ఏడోసారి.

అగ్గిపెట్టెంత కెమెరా. టెలిస్కోపుకి కన్ను ఆనించే చోట దాన్ని తగిలిస్తే, ఆకాశంలో ఉన్నది కంప్యూటర్ తెర మీదికి దిగాలి.

దిగింది కూడా. శనిగ్రహమే. కాకపోతే, మరుగుతున్న నీళ్ళలో కోడిగుడ్డులా ఎగిరెగిరి పడుతోంది.

"ఏమండీ, వలయం కనిపిస్తోందా?" వరండాలో కుర్చీలోంచి అడిగింది భార్య.

"శని కదటే! అంత తేలిగ్గా చిక్కుతుందా?"

"లోకమంతా దాన్ని వదిలించుకోవాలని చూస్తుంటే మీరొక్కరే పట్టుకొస్తానంటున్నారు మరి."

ఆవిడ నవ్వింది. మాస్టారికి నవ్వు రాలేదు.

ఆవిడ కంటి నరాలు ఎండిపోతున్నాయి. చూపు ఇంకో పదిహేను రోజులు నిలిస్తే గొప్పే అన్నాడు డాక్టరు. ఏం చూడాలనుందని అడిగితే, "శనికి చుట్టూ వలయం ఉంటుందటగా, అది" అంది. టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే శక్తి ఆ కళ్ళకి లేదు. పెద్ద తెర మీదైతేనే ఆనుతుంది. అందుకే ఈ కెమెరా.

మాస్టారేమీ సామాన్యుడు కాదు. ఆగిపోయిన గడియారం ఆయన గుమ్మం చూడగానే భయపడి నడక మొదలెట్టేదని వీధిలో చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, ముందు చెప్పింది ఆయనే అనుకోండి. నలభై ఏళ్ళ పనిలో ఆయన నేర్చుకున్నది ఒక్కటే: తప్పెప్పుడూ యంత్రం లోపలే ఉంటుంది.

అందుకని అద్దం తుడిచాడు. మరలు బిగించాడు. పగటిపూట కెమెరాని వెనకవైపు సెల్ టవరు మీదికి తిప్పి ఫోకస్ సరిచూశాడు. టవరు బండరాయిలా నిలబడింది. సాయంత్రం చీకటి పడేసరికి శని మళ్ళీ ఉడకడం మొదలు.

నాలుగు రోజులు అలాగే కరిగిపోయాయి.

ఐదో సాయంత్రం పక్క బేకరీ ఆయన మెట్లెక్కి వచ్చాడు. కొట్టు పెట్టి నెల కూడా కాలేదు. మోచేతుల దాకా పిండి. ఆవిడ చెప్పి పంపిన బ్రెడ్డు ఇచ్చి, వెళ్ళకుండా తెరవంక చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటమ్మా అది, అలా ఊగిపోతోంది?"

ఆవిడ చెప్పింది. శని సంగతీ, కళ్ళ సంగతీ, డాక్టరు పెట్టిన గడువు సంగతీ.

ఆయన టెలిస్కోపు ఎటు చూస్తోందో అటే చూశాడు. కింద తన కొట్టు కప్పునీ చూసుకున్నాడు.

"మాస్టారూ, మా బట్టీ వెలిగిస్తే పొగగొట్టం మీద గాలి కూడా అచ్చం ఇలాగే ఆడుతుందండీ."

మాస్టారికి ఒళ్ళు మండింది. కోట్ల మైళ్ళ అవతలి గ్రహాన్ని బన్నుల బట్టీతో పోలుస్తాడా!

"చూడు నాయనా, నువ్వు బన్నులు మాడకుండా చూసుకో. గ్రహాల సంగతి నేను చూసుకుంటాను."

"అంతేనండి," అని ఆయన దిగిపోయాడు.

మర్నాడు మాస్టారు కెమెరాకి కొత్త వైరు తెచ్చాడు. పాతదానికన్నా మూరెడు పొట్టిది. చీకటి పడింది. తెర వెలిగింది.

శని కదల్లేదు.

బంగారు పూస. దాన్ని తాకకుండా చుట్టూ సన్నటి వలయం. వలయంలో వెంట్రుకంత నల్లటి సందు.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి.

"ఎవరో చెక్కి అక్కడ నిలబెట్టినట్టుందండీ," అంది.

"వైరే! కిటుకంతా వైరులో ఉంది!" అని మాస్టారు వీధంతా చాటాడు.

అప్పట్నుంచి రోజూ చూసింది. ఆరో రోజుకి ఆవిడకి నల్లటి సందు కనబడలేదు. ఎనిమిదో రోజుకి వలయం పోయింది. తొమ్మిదో రోజున "ఏదో వెలుగులా ఉందండీ" అంది. పదో రోజున కుర్చీ తెరవైపు తిప్పుకోలేదు.

మాస్టారు ఏ మర విప్పాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఈలోగా బేకరీలో సాయంత్రాలు బ్రెడ్డు దొరకడం మానేసింది. వచ్చినవాళ్ళంతా నాలుగు మాటలు అని పోయేవారు. మాస్టారూ తక్కువ తినలేదు.

"ఇవాళా లేదా?"

"బట్టీ పాడైందండీ మాస్టారూ."

"పాడైతే విప్పి చూడాలయ్యా! చేతులు ముడుచుక్కూర్చుంటే బాగుపడుతుందా?"

"అంతేనండి." ఆయన తలొంచుకుని గల్లాపెట్టె సర్దాడు. మళ్ళీ తలెత్తి, "అమ్మగారు చూస్తున్నారాండీ?" అన్నాడు.

"బద్ధకస్తుడికి ఊళ్ళో కబుర్లెందుకు!" అని మాస్టారు చక్కా వచ్చేశాడు.

సాయంత్రం బేరమే బేకరీకి ప్రాణం. అది లేకపోయేసరికి రెండు నెలలు తిరక్కుండానే ఆయన కొట్టు వేరేవాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయాడు.

మేడ మీద ఆవిడ రోజూ చీకటి పడగానే అడిగేది. "ఇవాళ ఎలా ఉందో చెప్పండి."

మాస్టారు తెర చూసి, ఉన్నదానికి ఇంకాస్త కలిపి చెప్పేవాడు.

ఒక సాయంత్రం చెప్పబోయి ఆగాడు. శని మళ్ళీ ఉడుకుతోంది. వైరు మార్చాడు. ఊహూ. కెమెరా విప్పాడు. ఊహూ. ఇంతలో కాలుతున్న బ్రెడ్డు వాసన కమ్మగా వరండా అంతా పరుచుకుంది.

మాస్టారు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే మెట్లు దిగాడు.

"బట్టీ ఎప్పుడు బాగుచేయించావు బాబూ?"

"బాగుచేయించడమేంటండీ? దానికేమైందని?" అన్నాడు కొత్త బేకరీ ఆయన.

"పాతాయన పాడైందనేవాడే! ఎక్కడుంటున్నాడిప్పుడు?"

"తెలీదండీ. ఎక్కడికెళ్ళేదీ చెప్పలేదు." అంతలోనే కొత్తాయన నాలిక్కరుచుకున్నాడు. "అయ్యో, మేడమీది మాస్టారు మీరేనాండీ? ఏమీ అనుకోకండి, ఇవాళ పెద్ద ఆర్డరొచ్చి ముట్టించేశాను గానీ, అమ్మగారు శనిగ్రహం చూసుకున్నన్నాళ్ళూ సాయంత్రాలు బట్టీ వెలిగించొద్దని తాళాలిస్తూ మరీ మరీ చెప్పి వెళ్ళాడండీ ఆయన."