అమ్ముడుపోని చీపురు

"వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరతారమ్మా?"

అడిగిన ముసలాయన తన పాత బండి పక్కన నిలబడి ఉన్నాడు. దాని ట్యాంకుకు ఎడమవైపు గిన్నె పట్టేంత సొట్ట. వెనక సీటుకు తాడుతో కట్టిన పొడుగుకర్ర చీపురు.

కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయి టీ కొట్టు బెంచీల మీద కూర్చున్న బైక్ క్లబ్బువాళ్ళ వైపు చూసింది.

మామూలుగా ఈ ప్రశ్నకు, క్లబ్బులోనే ఉన్న ఆమె బాబాయే జవాబు చెప్పేవాడు. ఇవాళ అతను అవతల ఎవరిదో బండి గొలుసు బిగిస్తున్నాడు.

ముసలాయన గురించి క్లబ్బులో బోలెడు జోకులున్నాయి. కొండదారి దాటి వాళ్ళు టీ కొట్టుకు వచ్చేసరికే అక్కడ ఉంటాడు, చొక్కా నిండా దుమ్ముతో. గంటకు నలభై దాటని బండి మీద తమకంటే ముందు ఎలా వస్తాడో ఎవరికీ తెలియదు. పనీపాటా లేక తెల్లారకముందే బయల్దేరుతాడని ఒకరు, చీపుళ్ళు అమ్ముకునే మనిషని ఇంకొకరు.

"ఆరేళ్ళుగా అదే చీపురు. ఒక్కటీ అమ్ముడుపోలేదు పాపం" అని కెప్టెన్ అన్నప్పుడు అమ్మాయి కూడా పడీపడీ నవ్వింది.

కెప్టెన్‌కు టైల్స్ షాపు ఉంది. క్లబ్బువాళ్ళ జాకెట్ల వెనక "ఆరేళ్ళు - ఒక్కరూ పడలేదు" అని రాయించింది అతనే. కొండదారిలో కంకర లారీలు తిరిగే వంపు ఒకటుంది. అక్కడ మామూలు రోజుల్లో ఎవరో ఒకరు జారిపడుతూనే ఉంటారు. క్లబ్బువాళ్ళు మాత్రం పడరు. అంతా క్రమశిక్షణ అంటాడు కెప్టెన్.

ముసలాయన టైము అడిగేది క్లబ్బులో చేరాలనే ఆశతోనని అందరి నమ్మకం.

"ఇవాళ నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపించు. తెలివైనదానివో కాదో చూద్దాం" అని కెప్టెన్ ఆమెకు ముందే చెప్పి ఉంచాడు.

ఆమెకు ఇది రెండో ఆదివారం. మూడో ఆదివారం బ్యాడ్జీ. బ్యాడ్జీ రాకపోతే బండి లేదు. ఒంటరిగా తిరిగే పనైతే బండి అమ్మేస్తానని నాన్న ఖరాఖండిగా చెప్పాడు. బాబాయ్ అడ్డం పడి, క్లబ్బులో నలుగురితో పాటు తిరుగుతుంది లెమ్మని ఒప్పించాడు.

వాళ్ళు బయల్దేరేది ఆరింటికి.

"ఏడున్నరకి తాతయ్యా" అంది. "మీరూ వచ్చేయండి."

బెంచీల మీద ఎవరో టీ గ్లాసులోకే నవ్వారు.

"ఏడున్నరా? బాగా పొద్దెక్కుతుందే" అన్నాడు ముసలాయన. జేబులోంచి కాగితం ముక్క తీసి రాసుకున్నాడు. "అది కాదమ్మా, ఆ వంపు దగ్గర..."

కెప్టెన్ బండి స్టార్ట్ చేసి గట్టిగా రేజ్ చేశాడు. మిగతా మాట ఆ మోతలో కలిసిపోయింది.

దారిలో కెప్టెన్ బండి పక్కకు తెచ్చి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమెకు అప్పుడే బ్యాడ్జీ వచ్చినంత సంబరమైంది.

బాబాయ్‌కి ఈ సంగతి చెప్పలేదు. చెబితే నవ్వడని తెలుసు.

తర్వాతి ఆదివారం ఐదూ నలభై ఐదుకే అందరూ చేరారు. బాబాయ్ తన చేతులతో ఆమె జాకెట్‌కు బ్యాడ్జీ పెట్టాడు. ఇంట్లో ఫ్యూజు పోయినా ఆడుతూ పాడుతూ బాగుచేసే ఎలక్ట్రీషియన్‌కు, ఆ చిన్న పిన్ను గుచ్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

"మీ నాన్నకి ఫోటో పంపించు. ఇంక నోరెత్తడు" అన్నాడు.

కొత్తవాళ్ళను తెచ్చినవాళ్ళు ఆ రోజు అందరికంటే ముందు నడపాలి. అది క్లబ్బు ఆనవాయితీ. బాబాయ్ ముందు, వెనకే ఆమె, ఆ తర్వాత మిగతా అందరూ.

ఆరున్నరకు వంపు వచ్చింది.

బాబాయ్ ఎప్పటిలాగే బండిని ఎడమకు వాల్చాడు. ఆ తర్వాత బండి లేవలేదు. చక్రాల కింద గోళీలు పోసినట్టు జర్రున జారి, గట్టురాయికి కొట్టుకుంది.

ఆమె ఎలా ఆగిందో ఆమెకే తెలియదు. కాలు కింద పెడితే కరకరమంది. వంపు పొడవునా కంకర. శనివారం రాత్రి లారీలు ఒలికించి పోయిన కంకర.

"ఆదివారం ఇక్కడ ఎప్పుడూ ఉండదే" అన్నాడు కెప్టెన్. అదే మాట మూడుసార్లు అన్నాడు.

అంబులెన్సు సైరన్ మోగిస్తూ వచ్చింది. వెళ్ళేటప్పుడు సైరన్ మోగించలేదు.

ఇద్దరు కలిసి బాబాయ్ బండిని లేపి నిలబెట్టారు. ట్యాంకుకు ఎడమవైపు, గిన్నె పట్టేంత సొట్ట. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. అలాంటిది ముందెక్కడ చూసిందో గుర్తొచ్చింది.

ఏడింటికి కింద మలుపులోంచి నలభై దాటని బండి చప్పుడు వినిపించింది.

ముసలాయన ఆగాడు. పగిలిన అద్దం ముక్కలు చూశాడు. వరసగా తలలు దించుకున్న జాకెట్లను చూశాడు. చివరికి ఆమెను చూశాడు.

"ఏడున్నరన్నారు కదమ్మా" అన్నాడు. "అరగంట ముందే వచ్చాను."

అతను సీటుకు కట్టిన తాడు విప్పి, చీపురు తీసి, ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం వాళ్ళు రాకముందే చేసిపోతున్నట్టే, వంపు లోపలి అంచు నుంచి కంకర ఊడవడం మొదలుపెట్టాడు.