కుడి పక్క బెజ్జం

"లారీ బయల్దేరిపోతోంది కనకా! డ్రాయింగు అయిందా?" అంటూ ఇంజనీరు అరకు కాఫీ తోట వర్క్‌షాపులోకి వచ్చాడు.

"అయిందండి. గురువుగారు సంతకం పెడితే వైజాగు ఫౌండ్రీకి అంపేయొచ్చు."

కాఫీ పళ్ల తొక్క తీసే సీమ యంత్రానిది ఆ డ్రాయింగు. పాతదాన్ని చెదలు తినేస్తే, పోయిన గీతలు పూరించి, అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చి కనక కొత్తగా గీసింది. నిరుడు ఆ పిల్లకి ఈ పని నేర్పినవాడు తవిటినాయుడే. ఈ ఏడు ఇంజనీరు ప్రతిదానికీ "కనక చేతికివ్వండి" అంటుంటే అతనికి కంటగింపుగా ఉంది.

కనక డ్రాయింగుని తవిటినాయుడి ముందు పరిచింది. దాని మీద జారుతున్న అతని వేలు ఒకచోట టక్కున ఆగింది. ఇరుసు దూరే బెజ్జం ఎడం పక్కనుండాలి. కుడి పక్కన గీసింది! ఇలాగే పోత పోస్తే యంత్రం తుక్కే.

'పోనీ. అప్పుడు తెలుస్తాది సారుకి, ఎవుల పనితనం ఏటో.'

"బాగుంది" అంటూ, ఆ వేలు తియ్యకుండానే రెండో చేత్తో సంతకం పెట్టేశాడు.

ఇంజనీరు చెయ్యి చాపాడు. కనక ఆ కాగితం ఇవ్వలేదు. సొరుగులోంచి మరో డ్రాయింగు తీసి పరిచింది. అందులో బెజ్జం ఎడం పక్కనే ఉంది.

"దీని మీద పెట్టండి గురువుగారూ" అంది మెల్లిగా. "ఈ మద్దెన ఏది సూపించినా బాగుందంటన్నారు. మీరు సూడ్డం మానేసారో, సెప్పడం మానేసారో నాకు తెలీలేదు."

తవిటినాయుడు కుడి పక్క బెజ్జం మీంచి చటుక్కున వేలు తీసేశాడు. కనక అప్పటికే చూసేసింది.