ఇరవై మూడో మెట్టు

1987లో హన్మకొండలోని ఆ డ్రాయింగ్ ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. చెయ్యి తిరగడం కోసం డ్రాఫ్ట్స్‌మన్ జ్ఞానప్రకాశం ఆఫీసు భవనాన్నే టేపుతో కొలిచి అందులోకి ఎక్కించాడు. ఉన్నవి ఇరవై రెండు మెట్లు. పొరపాటున ఇరవై మూడు కొట్టాడు. రేపు దిద్దవచ్చు, బొమ్మలో మెట్లు దిగేదెవరు అనుకుని లేచాడు.

అంతలో కరెంటు పోయింది.

“జర జల్ది దిగుండ్రి సార్, గేటుకు తాళమేస్తాన,” కింద నుంచి వాచ్‌మన్ బుచ్చిరాములు కేకేశాడు.

పదేళ్లుగా దిగుతున్న మెట్లే. చీకట్లో గోడ పట్టుకుని లెక్కపెడుతూ దిగాడు. ఇరవై రెండు అయ్యాక నేల కోసం చాచిన కాలు ఇంకో మెట్టు మీద పడింది. దాని కింద కాలికి ఏదీ తగల్లేదు. వెనక్కి తిరిగి తడిమితే దిగివచ్చిన మెట్టూ లేదు. పట్టుకున్న గోడా లేదు. అరిచాడు. ఆ అరుపు తనకే వినపడలేదు.

కింద బుచ్చిరాములు అడుగుతున్నాడు. “గింతసేపు ఏం జేసిన్రు సార్?”

“ఒక మెట్టు ఎక్కువ పడ్డది. పొద్దుగాల రాంగనే చెరిపేస్త.”

కింద నుంచి ఆ జవాబిచ్చింది జ్ఞానప్రకాశం గొంతే.

గేటుకు తాళం పడింది. జ్ఞానప్రకాశం సైకిల్ బెల్లు మోగుతూ, భార్య హన్నా అన్నం పెట్టుకుని కూర్చున్న ఇంటి వైపు వెళ్లిపోయింది.

మెట్టు మీద నిలబడి జ్ఞానప్రకాశం, తెల్లవారొద్దని ప్రార్థన మొదలుపెట్టాడు.