చదవని తీర్పు

“నా కొడుకుని జైల్లో వదిలేసి మనీలాలో మేడెక్కి కూర్చున్నారా జడ్జిగారూ!”

కాంగ్రెస్‌మన్ మగ్బనువా ఇంటి వసారాలో, ఆస్పత్రి ఖర్చులకూ శవపేటికలకూ సాయం అడగడానికి వచ్చిన జనమంతా ఒక్కసారిగా తలలు తిప్పారు. గుమస్తా పరుగున వచ్చి, ఊరంతా అమ్మా అన్నట్టు ‘నానాయ్’ అని పిలిచే ముసలి పురా చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించి కొట్టింది.

“అరవకు నానాయ్! ఆయనిప్పుడు జడ్జి కాదు, మనం ఓట్లేసి గెలిపించిన కాంగ్రెస్‌మన్!”

“ఏ మన్నయితే నాకేంరా? ఫీజుకి బదులు ఎండుచేపలు పుచ్చుకుని మా పల్లె కేసులు వాదించిన నాటి నుంచీ ఎరుగుదును. పిలువు!”

మగ్బనువా తింటున్న అన్నం వదిలేసి బయటికి వచ్చాడు. వంగి, ఆమె చేతిని నుదుటికి ఆనించుకోబోయాడు. పురా చెయ్యి వెనక్కి లాక్కుంది. దీవెన అడిగినవాడికి పెద్దవాళ్లు చెయ్యి ఇవ్వకపోవడం ఆ ఊళ్లో చెంపదెబ్బకేం తీసిపోదు. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

“నా నర్డో ఆ గేదెను దొంగిలించలేదని తేలిందా, లేదా?”

“తేలింది నానాయ్. నిర్దోషి అని తీర్పు రాసి సంతకం కూడా పెట్టాను. కోర్టులో చదవడమే మిగిలింది.”

“మరి కొత్త జడ్జి కాగితాలన్నీ మళ్లీ మొదట్నుంచీ చూడాలంటాడేం? ఏళ్లు గడిచిపోతున్నాయి. నా బిడ్డ ఆ చీకటిగదిలో దగ్గి దగ్గి రక్తం కక్కుతున్నాడు. మీరేమో ‘పేదవాడికి సత్వర న్యాయం’ అని గేటుకి బ్యానరు కట్టుకున్నారు! సిగ్గులేదూ?”

మగ్బనువా ముఖం నల్లబడింది.

“తీర్పు చదవకముందే నామినేషన్ వేసేశాను. ఆ కాగితం అందించిన క్షణమే జడ్జి పదవి పోతుంది. జడ్జి కానివాడి తీర్పు చిత్తుకాగితమే నానాయ్.”

“చట్టం చదివింది మీరు, మేం కాదు! ముందు నా బిడ్డను విడిపించి, ఆ తర్వాత వెయ్యకూడదా? ఏం కొంప మునిగిందని?”

“ఆ రోజు ముందు కోర్టుకే బయల్దేరాను, ఎవరి తీర్పు కోసమో ఎవరికీ చెప్పలేదు. జనం కారు కదలనివ్వలేదు. చర్చిలో దీవెన తీసుకున్నాక దారి మళ్లితే అపశకునం అన్నారు. డప్పులూ జేజేలూ వినేసరికి నేనూ మెత్తబడ్డాను. తప్పు నాదే.”

“అపశకునమా!” పురా పిడికిలి బిగించింది. “ఎవరండీ ఆ మాటన్న దరిద్రులు? వాళ్ల నోరు పడిపోను! నా బిడ్డ ఉసురు వాళ్లకి తగలకపోతుందా? పేరు చెప్పండి, ఇప్పుడే జుట్టు పట్టుకుని ఈ వాకిట్లోకి ఈడ్చుకొస్తాను!”

మగ్బనువా తల దించుకున్నాడు. గుమస్తాకి ఇక ఓర్పు చచ్చింది.

“కారుకి అడ్డంగా పడుకుని, ‘దారి మళ్లితే అపశకునం! కోర్టు ఎక్కడికీ పారిపోదు, ముందు నామినేషన్!’ అని కేకలు పెట్టింది నువ్వే కదా నానాయ్!”