గంప కింద చప్పుడు

రోములో పెద్దలు ముఖ్యమైన పనికి ముందు కోళ్లకు గింజలు వేసి చూసేవారని ఒక పాత పుస్తకంలో చదివాను. కోళ్లు తింటే శుభం, తినకపోతే ఆ పని ఆపేసేవారట.

రేపు సర్పంచి నామినేషన్. తమ్ముడు ఓబులేసు ఈ రాత్రికే మండలానికి బయలుదేరబోతున్నాడు. పోయినసారి ఇదే పనికి, ఇదే దారిన పోయిన మా అన్న తిరిగి రాలేదు. అందుకే గంప ఎత్తి, కోళ్ల ముందు జొన్నలు చల్లి మళ్ళీ మూశాను.

"చీకటి పడినాంక కోళ్లు తింటాయా అక్కా? నీకు చదువు శానా ఎక్కువైంది," అని నవ్వాడు ఓబులేసు. "సరేలే, నువ్వు పొమ్మంటేనే పోతా."

ఇద్దరం చెవులు రిక్కించి నిలబడ్డాం. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత గంప వైపు నుంచి టక్, టక్, టక్.

"తింటాండాయి! పోయి రాప్పా," అన్నాను.

బండి చప్పుడు వంక దాటి దూరమైంది. సంబరంగా టార్చి వేసి గంప ఎత్తాను. కోళ్లు రెక్కల్లో తలలు దూర్చి నిద్రపోతున్నాయి. ఒక్క జొన్నగింజ కూడా కదల్లేదు.

వెంటనే ఫోన్ చేశాను. "వెనక్కి రాప్పా."

"ఏందక్కా, ఇప్పుడే కదా పొమ్మంటివి!" అని నవ్వాడు.

ఆ నవ్వు వెనక, వాడికి చాలా దగ్గరగా, టక్, టక్.