కంచె మీది బ్యానర్

పదకొండు కట్లు తెగాయి. పన్నెండోది మాత్రం జనవరి చలికి బిగుసుకుపోయి మొండికేసింది.

ఎనిమిదేళ్ల కిందట వాటిని బిగించింది కూడా క్రెయిగే. ఇంగ్లండ్‌లోని బర్న్‌లీ ఊరి చుట్టుపక్కల బడులకు బ్యానర్లు అచ్చువేసి, కంచెలకు కట్టి వచ్చేది అతనే.

‘తనిఖీలో అత్యుత్తమం.’ నీలం మీద తెల్లటి అక్షరాలు, ఆరు గజాల పొడవు.

గ్రేడు పడిపోయిన బడి ఏదీ ఇంతవరకు అతనితో కొత్త బ్యానర్ చేయించుకోలేదు. పాతది విప్పించుకుంటుంది, అంతే.

“ఏమని రాశారు సర్కారు తనిఖీవాళ్లు?” అని అడిగాడు, ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డ బడి కాపలాదారు నోరిస్‌ని.

“మెరుగుపడాలని. చదవడం నేర్పడంలో వెనకబడ్డామట.” ముసలాయన మూతలోకి టీ ఒంపుకున్నాడు. “ఉన్నమాటే రాశార్లే అబ్బాయ్. ఇద్దరు టీచర్లు మానేశారు. కొత్తవాళ్లు ఇంకా కుదురుకోలేదు.”

క్రెయిగ్ వీధి మలుపు వైపు చూశాడు.

బడికి ఎంత దగ్గరుంటే సీటు అంత ఖాయమని, ఈ బ్యానర్‌ని చూసే మూడేళ్ల కిందట అతనూ భార్యా ఆ మలుపులోని ఇంట్లో అద్దెకు దిగారు. గోడలన్నీ చెమ్మ. కూతురు మేబెల్ కోసమని సర్దుకున్నారు.

మేబెల్‌కి నాలుగేళ్లు. ఇంట్లో వాగుడుకాయ. గడప దాటితే పెదవి విప్పదు. నర్సరీలో ఏడాదిన్నరగా దాని గొంతు విన్నవాళ్లు లేరు.

ఫోన్ మోగింది. భార్య కెర్రీ.

“మేబెల్ బడి సీటు ఫారం ముందేసుకుని కూచున్నా. రేపే ఆఖరి రోజు. మన బడిని కిందికి దించి, కొండమీది బడిని మొదట పెట్టేస్తున్నా. దానికి మొన్నే అత్యుత్తమం వచ్చిందిగా.”

“తెలుసు. ఆ బ్యానరూ నేనే కట్టా.”

“మరి లోపల ఎలా ఉంది?”

“ఏమో. నేను చూసింది కంచె వరకే.”

“బాగుంది సంబడం. ఊళ్లో బడులన్నీ తిరిగేది నువ్వు.”

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, కటింగ్ ప్లేయర్‌తో బలంగా నొక్కాడు. పన్నెండో కట్టు తెగింది.

బ్యానర్ జారి కాళ్ల మీద పడింది. దాని వెనకాల ఆటస్థలం.

భోజనాల వేళ. పిల్లలంతా బయటే ఉన్నారు. ఇన్నేళ్లూ ఇదంతా కప్పి ఉంచింది తన చేతులే అనిపించి క్రెయిగ్‌కి సిగ్గేసింది.

ఎర్రటోపీ పిల్ల ఒకతె గోడకు ఆనుకుని ఒంటరిగా నిలబడి ఉంది. అలా నిలబడే తీరు అతనికి బాగా తెలుసు.

ఇద్దరు పిల్లలు పొడుగాటి తాడు తెచ్చారు. ఏమీ అడగలేదు. ఒక కొస ఎర్రటోపీ చేతిలో పెట్టారు. రెండో కొస వాళ్లలో ఒకతె పట్టుకుంది.

ఆ పిల్ల తాడు తిప్పసాగింది. ఇంకో పిల్ల దూకుతోంది.

ఎర్రటోపీ పెదవులు కదులుతున్నాయా? క్రెయిగ్ చల్లటి ఊచలకు నుదురు ఆనించాడు. అంత దూరం నుంచి తెలియలేదు.

“ఆ అమ్మాయి మాట్లాడుతుందా?” అని నోరిస్‌ని అడిగాడు.

“విన్నీనా? నాతో ఎప్పుడూ మాట్లాడింది లేదు.” నోరిస్ టీ ఊదుకున్నాడు. “తాడు తిప్పేటప్పుడు మాత్రం లెక్కపెడుతుంది. గట్టిగానే.”

“క్రెయిగ్, ఉన్నావా?” ఫోన్‌లో కెర్రీ. “కొండమీది బడిని మొదట పెట్టేయనా?”

“రేపటిదాకా ఆగు.”

“ఎందుకు?”

“రేపు ఈ వేళకి మేబెల్‌ని వెంటబెట్టుకుని కొండమీదికి వెళ్తా,” అన్నాడు, తాడు మీంచి చూపు తిప్పకుండానే. “ఆ బ్యానర్‌కి ఓ మూల రెండు కట్లు విప్పితే చాలు, లోపల ఆటస్థలం కనిపిస్తుంది.”